ఆమ్‌దార్ మాట నుంచి జీఆర్ దాకా: భామ్రాగడ్, సిరోంచ తెలుగు ఇళ్ళకు ఒక కరదీపిక

మన భామ్రాగడ్ బజారులో తరచుగా వినే మాట ఒకటుంది: "ఆమ్‌దార్ సాహెబ్ చెప్పారు, మంజూరు అయిపోయింది." అది వంతెన కావచ్చు, హాస్టల్ కావచ్చు, నీళ్ళ పథకం కావచ్చు. రెండు వానాకాలాలు గడిచినా పని మొదలు కాకపోతే "ఉత్త మాటలే" అని తీసిపారేస్తాం. నిజానికి "మంజూరు" అనే ఆ ఒక్క మాట వెనక ఐదు వేర్వేరు కాగితాలుంటాయి. ఏ కాగితం వచ్చింది, ఏది రాలేదు అని అడగడం తెలిసిన ఊరి పని ముందుకు కదులుతుంది. అడగడం తెలియని ఊరు ఎదురుచూస్తూ ఉంటుంది.

మన తెలుగు ఇళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. ప్రకటనలు, ప్రభుత్వ ఆదేశాలు అన్నీ మరాఠీలో వస్తాయి. పిల్లలు చదవగలరు కానీ వాళ్ళకు పట్టదు, పట్టించుకునే పెద్దలకు చదవడం కష్టం. ఈ మధ్యలో వార్త సగమై చేరుతుంది, గడువు దాటిపోతుంది. అందుకే మన ఎమ్మెల్యే వార్తలను ఎలా చదువుకోవాలి, ఏ పనికి ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నవి ఒకచోట పెడుతున్నాం. దాచి ఉంచుకోండి.

మన నియోజకవర్గం

మనది అహేరి విధానసభ నియోజకవర్గం, సంఖ్య 69, షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయిన స్థానం. అహేరి, సిరోంచ, భామ్రాగడ్, ఎటపల్లి, ములచెర తాలూకాలు ఇందులో ఉన్నాయి. 2004 ఎన్నికల దాకా ఈ స్థానం పేరే సిరోంచ. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత, 2009 ఎన్నికల నుంచి అహేరి అయింది. 2009లో దీపక్ ఆత్రం, 2014లో అంబరీశ్‌రావు ఆత్రం, 2019లోనూ 2024లోనూ ధర్మరావుబాబా ఆత్రం గెలిచారు. 2024 పోలింగు నవంబరు 20న, లెక్కింపు 23న జరిగాయి. ధర్మరావుబాబా 2023 జూలై నుంచి ఆ ఎన్నికల దాకా రాష్ట్ర ఆహార, ఔషధ పరిపాలన శాఖ మంత్రిగా ఉన్నారు.

లోక్‌సభకు మనది గడ్చిరోలి-చిమూర్ స్థానం. 2024 నుంచి అక్కడ ఖాస్‌దార్ నామ్‌దేవ్ కిర్సాన్. జిల్లాకు పాలక్ మంత్రిగా 2025 జనవరిలో ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ స్వయంగా బాధ్యత తీసుకున్నారు, సహ పాలక్ మంత్రిగా ఆశీష్ జైస్వాల్‌ను నియమించారు.

తెలుగు ఈ నేలకు కొత్త భాష కాదు. 1860లో నిజాం నుంచి బ్రిటిష్‌వాళ్ళకు చేరిన గోదావరి ఒడ్డు తాలూకాలతో అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది, దానికి సిరోంచే కేంద్రం. 1874లో అది చాందా జిల్లాలో కలిసింది. చాందా తర్వాత చంద్రపూర్ అయింది, 1982 ఆగస్టు 26న అందులోంచి గడ్చిరోలి విడిపోయింది. మన ఇళ్ళు కదలలేదు, మనపై ఉన్న పాలన కేంద్రం మాత్రం మారుతూ వచ్చింది. ఇప్పుడు సిరోంచ నుంచి జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల పైమాటే. భామ్రాగడ్ వాళ్ళకు ఆలాపల్లి దాకా అడవి దారి దాటితే గానీ ఆ ప్రయాణం మొదలైనట్టు కాదు. ఇంత దూరంలో ఒక్క అర్జీ తప్పు ఆఫీసులో పడితే రెండు రోజుల కూలి, బస్సు ఖర్చు నీళ్ళపాలు.

ఏ పని ఎవరిది

అన్ని పనులకూ ఆమ్‌దార్‌నే పట్టుకోవడం మన అలవాటు. ఆయన అడగగలిగేవి చాలా ఉన్నాయి, నేరుగా చేయగలిగేవి కొన్నే.

జాతీయ రహదారులు కేంద్రానివి. సాకోలి నుంచి గడ్చిరోలి, ఆలాపల్లి మీదుగా సిరోంచ వచ్చే రోడ్డు 353సి. ఆలాపల్లి నుంచి హేమల్‌కసా, భామ్రాగడ్, లాహేరి మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్, కొండగావ్ వైపు పోయేది 130డి. వీటి గుంతల గురించి ఆమ్‌దార్‌కు ఇచ్చే అర్జీ ప్రతి ఒకటి ఖాస్‌దార్‌కు కూడా వెళ్ళాలి. రాష్ట్ర రహదారి అయితే సార్వజనిక్ బాంధకామ్ విభాగం చూస్తుంది. ఊరి రోడ్డు, ప్రాథమిక పాఠశాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం జిల్లా పరిషత్తువి. భామ్రాగడ్, సిరోంచ, అహేరి, ఎటపల్లి, ములచెర పట్టణాల్లో మురుగు, వీధి దీపాలు నగర పంచాయతీవి.

నది దాటిన విషయాలు రెండు రాష్ట్రాలవి. మేడిగడ్డ బ్యారేజీ దీనికి మంచి ఉదాహరణ. 2016 ఆగస్టు 23న మహారాష్ట్ర, తెలంగాణ ముఖ్యమంత్రులు చేసుకున్న ఒప్పందంలో దాని నీటిమట్టం 100 మీటర్లని రాసుకున్నారు. 2019 జూన్ 21న బ్యారేజీ ప్రారంభమైంది. సిరోంచ తాలూకా రైతుల పొలాల్లోకి నీళ్ళు వచ్చాయి, పరిహారం కోసం ఆందోళనలు జరిగాయి. 2023 అక్టోబరు 21న బ్యారేజీ స్తంభాలు కుంగాయి. ఇలాంటి విషయంలో ఆమ్‌దార్ చేయగలిగింది ముంబైలో జలవనరుల మంత్రి చేత సభలో జవాబు చెప్పించడం. భూమి కొలత, పంచనామా, పరిహారం జాబితా మాత్రం తహసీల్‌లో, ఉపవిభాగీయ అధికారి దగ్గర తయారవుతాయి. జాబితాలో మీ సాత్‌బారా సంఖ్య లేకపోతే సభలో ఎంత మాట్లాడినా డబ్బు మీ ఖాతాకు రాదు.

"మంజూరు"లో ఐదు మెట్లు

ప్రభుత్వ పని ఏదైనా సాధారణంగా ఈ వరుసలోనే నడుస్తుంది.

మొదటిది ప్రకటన. సభలోనో, పర్యటనలోనో, విలేకరుల ముందో చెప్పిన మాట. దీనికి డబ్బు ఉండదు.

రెండోది ప్రశాసకీయ మాన్యత. పని అవసరమే, ఇంత ఖర్చు వరకు సమ్మతమే అని శాఖ ఇచ్చే అనుమతి. పెద్ద పనులకు ఇది శాసన్ నిర్ణయ్ రూపంలో, అంటే మనం జీఆర్ అనే కాగితంగా వస్తుంది.

మూడోది తాంత్రిక మాన్యత. ఇంజనీరు కొలతలు, అంచనాలు సరిచూసి సంతకం పెట్టడం.

నాలుగోది నివిద, అంటే టెండరు. ఎవరూ వేయకపోతే మళ్ళీ పిలవాలి. మనలాంటి మారుమూల తాలూకాల పనులు ఇక్కడ ఆగే అవకాశం ఎక్కువ.

ఐదోది కార్యారంభ ఆదేశ్. కాంట్రాక్టరు చేతికి పని మొదలుపెట్టమని ఇచ్చే ఉత్తర్వు. పని ఎన్ని నెలల్లో ముగియాలో ఇందులోనే ఉంటుంది.

పని అడవిలోంచి పోతే వీటికి తోడు అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. భామ్రాగడ్ తాలూకాలో ఏ రోడ్డు గురించి అడిగినా "అటవీ అనుమతి ఏ దశలో ఉంది" అని విడిగా అడగాలి.

కాబట్టి వార్త వినగానే అడగాల్సిన ప్రశ్న: "ఇది ఏ మెట్టు?" రెండో మెట్టు దాటిందని చెబితే జీఆర్ సంఖ్య, తేదీ అడగండి. మహారాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో శాసన్ నిర్ణయ్ విభాగంలో శాఖవారీగా, తేదీవారీగా ఇవి దొరుకుతాయి. ప్రతి జీఆర్‌కూ 18 అంకెల సంకేతాంకం ఉంటుంది, అందులో మొదటి 8 అంకెలు ఏడాది, నెల, రోజు. వాట్సాప్‌లో తిరిగే "కొత్త జీఆర్" మీద ఆ సంఖ్య లేకపోయినా, ఆ సంఖ్యతో వెతికితే దొరకకపోయినా నమ్మి డబ్బు కట్టొద్దు.

డబ్బు వచ్చే దారులు

ఆమ్‌దార్ స్థానిక వికాస్ నిధిని ఏటా 5 కోట్ల రూపాయలకు పెంచుతున్నట్టు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఈ డబ్బు ఆమ్‌దార్ చేతికి రాదు. ఆయన పనిని సిఫారసు చేస్తారు, కలెక్టరు కార్యాలయం పరిశీలించి మంజూరు చేస్తుంది. సమాజ భవనం, బోరు, లోపలి రోడ్డు లాంటి ఉమ్మడి ఆస్తులకే ఇది పనికొస్తుంది, ఒక కుటుంబం సొంత అవసరానికి రాదు. ఐదు తాలూకాలకు 5 కోట్లు అంటే ఒక పెద్ద వంతెనకు కూడా చాలవు. అందుకే పెద్ద పనులకు వేరే దారులు చూడాలి.

జిల్లా నియోజన్ సమితి నిధి పాలక్ మంత్రి అధ్యక్షతన నిర్ణయమవుతుంది. ఆదివాసీ ఉపయోజన కింద వచ్చే డబ్బు దీనిలో వేరే పద్దు. మూడోది జిల్లా ఖనిజ ప్రతిష్ఠాన్. ఎటపల్లి తాలూకా సూర్జాగడ్‌లో ఇనుప ఖనిజం తవ్వుతున్నారు కాబట్టి ఈ నిధి మన జిల్లాకు చిన్నది కాదు. దీనిపై గనుల వల్ల నేరుగా దెబ్బతిన్న ప్రాంతాలకు మొదటి హక్కు ఉంటుంది. అర్జీలో "ఫలానా నిధి నుంచి" అని రాస్తే "డబ్బు లేదు" అనే జవాబుతో ఫైలు మూసేయడం కష్టమవుతుంది.

సభలో మన మాట ఎలా వెళుతుంది

288 మంది సభ్యుల విధానసభలో ఒక్క ఆమ్‌దార్ గొంతు వినిపించడానికి కొన్ని పద్ధతులున్నాయి. తారాంకిత ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిపై ఉపప్రశ్నలు అడగవచ్చు. అతారాంకిత ప్రశ్నకు రాతలో జవాబు వస్తుంది. లక్షవేధి అంటే అత్యవసర ప్రజా విషయంపై మంత్రి దృష్టిని లాగడం. మంత్రి సభలో "చేస్తాం" అన్న ప్రతి మాటనూ ఆశ్వాసన్ సమితి వెంటాడుతుంది. షెడ్యూల్డ్ తెగల సంక్షేమ సమితి జిల్లాలకు వచ్చి తనిఖీ చేస్తుంది. అది వచ్చే రోజు తెలుసుకుని అర్జీ ఇవ్వవచ్చు.

మనది రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రాంతం. ఈ షెడ్యూలు కింద ఆదివాసీ సలహా మండలి ఉంటుంది. 20 మందికి మించని ఆ మండలిలో నాలుగింట మూడు వంతులు ఆదివాసీ ఎమ్మెల్యేలే ఉండాలి. 1996 నాటి పెసా చట్టం వల్ల ఊరి గ్రామసభకు పెద్ద అధికారాలున్నాయి. సర్పంచి పదవికి మనం పోటీ చేయలేకపోయినా, ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. తెలుగు ఇళ్ళవాళ్ళు గ్రామసభకు వెళ్ళి మాడియా, గోండు ఇరుగుపొరుగుతో కలిసి తీర్మానం చేయించుకుంటే, ఆ తీర్మానం జతచేసిన అర్జీ బరువు వేరు.

మన ఇళ్ళకు ప్రత్యేకంగా తగిలే విషయాలు

నది అవతలి కోడళ్ళు. మంచిర్యాల, భూపాలపల్లి వైపు నుంచి పిల్లను తెచ్చుకోవడం మనకు తరతరాల అలవాటు. 2024 జూలైలో మొదలైన ముఖ్యమంత్రి మాఝీ లాడ్కీ బహీణ్ పథకంలో 21 నుంచి 65 ఏళ్ళ అర్హులైన మహిళలకు నెలకు 1,500 రూపాయలు ఇస్తున్నారు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. పసుపు, కాషాయ రేషన్ కార్డు ఉంటే ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు. బయటి రాష్ట్రంలో పుట్టి మహారాష్ట్ర నివాసిని పెళ్ళాడిన మహిళకు భర్త జనన ధ్రువపత్రం, స్కూలు టీసీ లేదా డొమిసైల్‌లో ఏదో ఒకటి చాలని నిబంధన ఉంది. "తెలంగాణ పిల్లకు రాదు" అని ఎవరైనా తిప్పి పంపితే ఈ నిబంధన చూపమనండి. 2025 సెప్టెంబరు నుంచి ఈ-కేవైసీ కూడా అడుగుతున్నారు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉంటే ముందే సరిచేయించుకోవాలి.

కుల ధ్రువపత్రం. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉన్నామని చెబితే సరిపోదు, ఫలానా తేదీకి ముందు నుంచి ఉన్నామని కాగితం చూపాలి. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త జాతులు, సంచార తెగలకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. తాత, ముత్తాతల స్కూలు దాఖలా, పాత భూమి రికార్డు, కొత్వాల్ బుక్‌లోని జనన మరణ నమోదులు ఇక్కడ ప్రాణం. ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్ళినంత మాత్రాన మరో రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి ముంబై వచ్చిన ఒక కుటుంబానిదే. ఆమ్‌దార్ సిఫారసు ఉత్తరం ఈ తేదీలను మార్చలేదు. తహసీల్ రికార్డు గదిలో నకలు త్వరగా తీయించడానికి మాత్రం ఆయన కార్యాలయం సాయపడగలదు.

పిల్లల చదువు. పదో తరగతి కాగానే ఇంటర్ కోసం పిల్లలను కరీంనగర్, వరంగల్ పంపడం చాలా ఇళ్ళలో ఉంది. మహారాష్ట్రలో వైద్యవిద్య రాష్ట్ర కోటాకు పది, పన్నెండు తరగతులు ఈ రాష్ట్రంలోనే పాసై ఉండాలన్నది సాధారణ నియమం. తెలంగాణలో స్థానికత కావాలంటే 9 నుంచి 12 వరకు వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. రెండేళ్ళు అక్కడ, మిగతాది ఇక్కడ చదివిన మన పిల్ల రెండు చోట్లా బయటిదవుతుంది. గడ్చిరోలిలోనే 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైన తర్వాత ఈ లెక్క ఇంకా ముఖ్యం. సరిహద్దు తాలూకాల పిల్లలకు మినహాయింపు కావాలంటే అది విధాన నిర్ణయం, ఆమ్‌దార్ సభలో అడగదగ్గ అసలైన ప్రశ్న. నిర్ణయం వచ్చేదాకా పదో తరగతి అయిన నెలలోనే ఆ ఏటి బ్రోచర్ చదివి నిశ్చయించుకోండి.

భూమి. మహారాష్ట్ర జమీన్ మహసూల్ చట్టం 36ఎ సెక్షను ప్రకారం ఆదివాసీ భూమిని కలెక్టరు అనుమతి లేకుండా ఆదివాసీయేతరులు కొనలేరు. నోటి మాట మీదో, వంద రూపాయల స్టాంపు కాగితం మీదో తీసుకున్న స్థలంలో ఇల్లు కట్టుకుంటే నష్టం మనదే. ఈ చట్టం మన పొరుగువాళ్ళ నేలను కాపాడుతోంది, దాన్ని సడలించమని ఆమ్‌దార్‌ను అడగడం సరికాదు. అడగాల్సింది దుకాణాలు, ఇళ్ళు ఉన్న గావ్‌ఠాణ్ హద్దుల కొలత, పట్టాల సంగతి.

తెలుగులో రాయవచ్చా

రాయవచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా తన కష్టం చెప్పుకుంటూ అర్జీ ఇచ్చే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. అయితే జవాబు తెలుగులోనే రావాలని అందులో లేదు. కాబట్టి తెలుగు అర్జీతో పాటు సగం పేజీ మరాఠీ సారాంశం జతచేయండి, పని త్వరగా అవుతుంది. సమాచార హక్కు దరఖాస్తుకు మాత్రం మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఒకటి కావాలి. మహారాష్ట్ర నియమాల ప్రకారం అది ఒకే విషయం మీద, 150 మాటలకు మించకుండా ఉండాలి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

1956లో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు సౌకర్యం కల్పించాలంటుంది. తరగతిలో 10 మంది లేదా పాఠశాలలో 40 మంది కోరితే ఉపాధ్యాయుడిని ఇవ్వాలన్నది దీనికి పెట్టుకున్న కొలమానం. ఒక తాలూకాలో భాషా అల్పసంఖ్యాకులు 15 శాతానికి చేరితే ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వడం మంచిదని 1961లో ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించింది. వరద హెచ్చరిక, పరిహారం జాబితా, రేషన్ ప్రకటన సిరోంచలో తెలుగులో కూడా అతికించమని అడగడానికి ఇదే ఆధారం. 2022 జూలైలో గోదావరి ఊళ్ళను ముంచిన తర్వాత ఈ కోరికను ఎవరూ ఆడంబరం అనలేరు.

అర్జీ ఇచ్చే పద్ధతి

ఒక అర్జీలో ఒకే పని అడగండి. ఊరు, గట్ నంబరు, రోడ్డు అయితే ఎక్కడి నుంచి ఎక్కడికో రాయండి. ఏ మెట్టులో ఆగిందో, ఏ నిధి నుంచి అడుగుతున్నారో చెప్పండి. గ్రామసభ తీర్మానం, రెండు ఫొటోలు జతచేయండి. మూడు ప్రతులు తీసి ఒకటి సంబంధిత ఆఫీసులో, ఒకటి ఆమ్‌దార్ కార్యాలయంలో ఇచ్చి, మూడోదాని మీద ముద్ర, తేదీ, ఆవక్ నంబరు వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. ఆ నంబరు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ధ్రువపత్రాల లాంటి సేవలకు 2015 నాటి లోకసేవా హక్కు చట్టం కింద గడువులున్నాయి. గడువు దాటితే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. తప్పు తేలితే అధికారికి 500 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. నెలలో మూడో సోమవారం తాలూకా స్థాయిలో, మొదటి సోమవారం జిల్లా స్థాయిలో లోక్‌షాహీ దిన్ జరుగుతుంది. ముందు తాలూకాలో అడిగి, అక్కడ తేలకపోతే జిల్లాకు వెళ్ళాలి. కోర్టులో ఉన్న విషయాలు అక్కడ తీసుకోరు.

ఏ నెలలో ఏం చేయాలి

బడ్జెట్ సమావేశాలు ముంబైలో మార్చి ప్రాంతంలో జరుగుతాయి. కొత్త రోడ్డు, వంతెన అందులో చేరాలంటే అర్జీ జనవరికల్లా ఆమ్‌దార్ చేతిలో ఉండాలి. జిల్లా వార్షిక ప్రణాళిక కూడా చలికాలంలోనే తయారవుతుంది కాబట్టి దీపావళి దాటగానే ప్రతిపాదన ఇవ్వడం మేలు.

వర్షాకాల సమావేశాలు జూన్, జూలైల్లో ముంబైలో జరుగుతాయి. సరిగ్గా పర్లకోట పొంగి భామ్రాగడ్‌కు దారి తెగే రోజులవి. మన కష్టం గురించి అడగాల్సిన సమయంలో మనం గడప దాటలేం. ప్రశ్నలకు వారాల ముందే నోటీసు ఇవ్వాలి కూడా. కాబట్టి వరద గురించి, ఆగిన వంతెన గురించి, వానాకాలానికి ముందే చేర్చాల్సిన రేషన్, మందుల గురించి అర్జీ మే నెలలోనే ఇవ్వాలి.

శీతాకాల సమావేశాలు డిసెంబరులో నాగపూర్‌లో జరుగుతాయి. విదర్భను కలుపుకున్నప్పుడు 1953లో కుదిరిన నాగపూర్ ఒప్పందం నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. ముంబై మనకు అందదు, నాగపూర్ ఒక రాత్రి బస్సు ప్రయాణం. వానాకాలంలో ఏ మంత్రి ఏం చెబుతానన్నారో, ఏ పని ఏ మెట్టులో ఆగిందో నవంబరులో ఒక కాగితం మీద రాసుకుని, ఆవక్ నంబర్లతో సహా ఆమ్‌దార్ కార్యాలయానికి ఇవ్వండి. వీలైతే ఊరికి ఇద్దరు ఆ కాగితం పట్టుకుని నాగపూర్ వెళ్ళండి. ఒకరు పెద్దవారు, ఒకరు మరాఠీ చదవగల పిల్లో పిల్లవాడో అయితే మరీ మంచిది.